నల్లషీటు కింద మొగ్గ కట్టని చామంతి: ఒక పాలీహౌస్ కేస్ స్టడీ

నేపథ్యం

హైదరాబాద్ చుట్టుపక్కల ఒక ఊళ్లో అరెకరం పాలీహౌస్. ఏటా రెండు పంటలు స్ప్రే చామంతి, అంటే ఒకే కాడకు గుత్తిగా పూలు పూసేది. రైతు పేరు, ఊరి పేరు, రకం పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. కేసు అర్థం కావడానికి వాటి అవసరం లేదు.

రెండు పంటల్లో శ్రావణమాసం పంటే ముఖ్యం. వరలక్ష్మీ వ్రతం శుక్రవారానికి మూడు నాలుగు రోజుల ముందు కోత పడితే గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో కట్ట చేతిలో ఉండగానే అమ్ముడుపోతుంది. శుక్రవారం దాటితే అదే కట్టను అడిగేవాళ్లు తగ్గిపోతారు. ఆ ఏడాది వ్రతం ఆగస్టు 8. ఈ రకం చీకటి పెట్టిన రోజు నుంచి ఎనిమిదిన్నర వారాలకు కోతకొస్తుంది. అందుకని జూన్ 5న చీకటి మొదలుపెట్టారు. లెక్క సరిగ్గానే ఉంది.

చీకటి ఎందుకు పెట్టాలో ఒక మాట. చామంతి పూతను నిర్ణయించేది రాత్రి నిడివి. హైదరాబాద్‌లో జూన్ 21న సూర్యుడు 5:42 ప్రాంతంలో పొడిచి 6:53 ప్రాంతంలో కుంకుతాడు. పగలే 13 గంటల 10 నిమిషాలు. ముందూ వెనకా మసక వెలుతురు చెరో ఇరవై నిమిషాలకు పైగా ఉంటుంది. అంటే మొక్కకు దక్కే అసలు చీకటి పది గంటలే. మొగ్గ కట్టి, ఆ మొగ్గ నిండాలంటే ఈ పంటకు వరసగా చాలా రాత్రులు 13 గంటల చీకటి ఇవ్వడం వాడుక. ఆ మూడు గంటల తేడాను నల్లషీటు పూడుస్తుంది.

పాలీహౌస్‌ను అడ్డుతెరతో రెండు భాగాలు చేశారు. తూర్పు భాగంలో తల్లి మొక్కలు, లేత నారు. అవి మొగ్గ వేయకూడదు కాబట్టి రాత్రి 10 నుంచి 2 వరకు బల్బులు వెలుగుతాయి. పడమటి భాగంలో పూతకు పెట్టిన 24 బెడ్లు. అడ్డుతెర పక్కది 1వ బెడ్, పడమటి గోడ పక్కది 24వది. బెడ్లు ఉత్తర దక్షిణాలుగా పొడవు 30 మీటర్లు. రెండు కొసల్లోనూ చుట్టి లేపే పక్క తెరలు ఉన్నాయి. ఉత్తరం గోడ అవతల రోడ్డు. నల్లషీటును సాయంత్రం 5:30కి లాగి, పొద్దున 7:30కి తీసేవారు. అంటే 14 గంటల చీకటి.

సమస్య

పద్దెనిమిదో రోజు దాటినా 1 నుంచి 6 బెడ్లలో మొగ్గ జాడ లేదు. కొమ్మలు ఏపుగా పెరుగుతూనే ఉన్నాయి. 7 నుంచి 13 వరకు అక్కడక్కడ కొసన ఒక్కో మొగ్గ కనిపించింది గానీ దాని కింది ఆకులు అంచు చీలికలు లేకుండా సన్నగా, పట్టీల్లా వచ్చాయి. చామంతి పెంచేవాళ్లు ఈ ఆకును గుర్తుపట్టడం నేర్చుకోవాలి. మొక్క పూతకు మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిందని అది చెబుతుంది. పూతకు చాలినంత చీకటి లేనప్పుడు, ఆకు పెరుగుదలకు చాలినంత వెలుతురు కూడా లేనప్పుడు ఈ ఆకులు వస్తాయి. మొగ్గ అక్కడే బిగుసుకుని ఉండిపోతుంది, పక్క కొమ్మలు దాన్ని దాటి పైకి లేస్తాయి.

14 నుంచి 24 వరకు మొగ్గ కట్టింది గానీ ఎగుడుదిగుడుగా. ఒకే బెడ్‌లో కొసల దగ్గరి మొక్కలకు బఠాణీ అంత మొగ్గలుంటే, నడిమి మొక్కలకు వేలితో తడిమితే గానీ తెలియనంత చిన్నవి.

కిందటేడు ఇదే రకం, ఇదే షీటు, ఇదే కాలం. పంట చక్కగా వచ్చింది. కాబట్టి మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ ఏడు ఏం మారింది? ఆ ప్రశ్న పది రోజులు ఆలస్యంగా అడిగారు.

మొదట చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

తొలి ప్రయత్నం మందు. మందుల షాపు సలహా మీద పొటాష్ ఎరువు 13-0-45 లీటరుకు 5 గ్రాములు, దాంతోపాటు జిబ్బరెల్లిక్ ఆమ్లం 50 పీపీఎం పిచికారీ చేశారు. ‘పూత రావడం లేదంటే పొటాష్ తక్కువ’ అనేది మన దగ్గర చాలా పంటలకు చెప్పే మాట. ఇక్కడ అది కుదరదు. చీకటి సంకేతం అందని చామంతికి ఎంత పొటాష్ ఇచ్చినా అది ఆకుకే పోతుంది. జిబ్బరెల్లిన్ అయితే నష్టమే చేసింది. కణుపుల మధ్య దూరం సాగి 1 నుంచి 6 బెడ్లలో కాడ మెత్తబడింది. తర్వాత పూలొచ్చినా ఆ కాడలు నిలువుగా నిలబడలేదు, గ్రేడింగ్‌లో వంకర కాడ కింద పోయాయి.

రెండోది రోడ్డు దీపం. ఆ వేసవిలోనే రోడ్డు మీద పాత పసుపు దీపం తీసేసి తెల్లటి ఎల్‌ఈడీ పెట్టారు. అనుమానం సహేతుకమైనదే. ఉత్తరం గోడకు మీటరు దూరంలో గుంజలు పాతి, దీపం ఎత్తుకు అడ్డంగా నల్లషీటు కట్టారు. తొమ్మిది రోజులు చూశారు. ఏమీ మారలేదు.

మూడోది అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. వెలుతురు ఎక్కడో దూరుతోంది, చీకటి చాలడం లేదు, కాబట్టి చీకటి పెంచుదాం అనుకున్నారు. జూన్ 28 నుంచి షీటును సాయంత్రం 4:30కే లాగడం మొదలుపెట్టారు. 15 గంటల చీకటి. వారం తిరిగేసరికి బాగున్న 14 నుంచి 24 బెడ్లు కూడా వెనకబడ్డాయి. నడిమి మొక్కల్లో మొగ్గ ఎదుగుదల దాదాపు ఆగిపోయింది.

ఇది ఎందుకు బెడిసికొట్టిందో తెలియాలంటే ఆకు కణంలో ఏం జరుగుతుందో చూడాలి. ఈ కేసు రాయడానికి కారణమే అది.

కణంలో రెండు లెక్కలు

ఆకు కణాల్లో ఫైటోక్రోమ్ అనే ప్రొటీన్ ఉంటుంది. దానిలో ఒక రంగు అణువు అతికి ఉంటుంది. 660 నానోమీటర్ల చుట్టుపక్కల ఎర్ర వెలుతురు తగిలితే ఆ అణువులో ఒక జంట బంధం మెలితిరిగి, ప్రొటీన్ ఆకారం మారుతుంది. మారక ముందు రూపాన్ని పీఆర్ అనీ, మారిన రూపాన్ని పీఎఫ్‌ఆర్ అనీ అంటారు. 730 నానోమీటర్ల దగ్గరి దూర ఎరుపు తగిలితే మళ్లీ వెనక్కి తిరుగుతుంది. పనిచేసే రూపం పీఎఫ్‌ఆర్. అది కణకేంద్రకంలోకి వెళ్లి ఏ జన్యువులు పలకాలో, ఏవి ఊరుకోవాలో తేల్చడంలో చేయి వేస్తుంది. అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధనా కేంద్రంలో 1952లో లెట్యూస్ విత్తనాల మీద ఈ ముందుకూ వెనక్కూ తిరిగే గుణాన్ని చూపారు. 1957లో చామంతి మీద కూడా చూపారు: అర్ధరాత్రి ఎర్ర వెలుతురు పూతను ఆపుతుంది, వెంటనే దూర ఎరుపు ఇస్తే ఆ ఆపడం రద్దవుతుంది.

పగలంతా ఆకులో పీఎఫ్‌ఆర్ నిండుగా ఉంటుంది. చీకటి పడ్డాక మెల్లగా తగ్గుతుంది. మధ్యలో ఏ బల్బో వెలిగితే మళ్లీ పుడుతుంది. చామంతి జాతిలో దీని తర్వాతి మెట్టును జపాన్ పరిశోధకులు 2013లో బయటపెట్టారు. రాత్రిలో వెలుతురును పట్టించుకునే ఘడియ ఒకటుంది. ఆ ఘడియలో పీఎఫ్‌ఆర్ ఉంటే ఆకు, పూతను ఆపే ప్రొటీన్‌ను తయారుచేసి కొమ్మ కొసకు పంపుతుంది. దానికి ఏఎఫ్‌టీ అని పేరు. పూతను తెచ్చే ప్రొటీన్ వేరే, ఎఫ్‌టీఎల్3. కొసకు చేరాక రెండూ ఒకే భాగస్వామి ప్రొటీన్ కోసం పోటీపడతాయి. ఎవరిది పైచేయి అయితే కొస ఆ దారిన పోతుంది.

ఆ ఘడియ ఎప్పుడు వస్తుందో సాయంత్రమే నిర్ణయమవుతుంది. చీకటి పడ్డప్పటి నుంచి ఇన్ని గంటలకు అని ఆకు లెక్కపెట్టుకుంటుంది. అందుకే రాత్రి నడిమధ్య వెలుతురు దూరుతుంటే ఇటు ఒక గంట, అటు ఒక గంట చీకటి కలిపినా ఫలితం ఉండదు. కుండ అడుగున చిల్లి ఉంటే మెడ పెంచి లాభం లేదు కదా. 15 గంటల చీకటి 1 నుంచి 6 బెడ్లను మార్చకపోవడానికి కారణం ఇది.

మరి 14 నుంచి 24 బెడ్లు ఎందుకు చెడ్డాయి? అక్కడ వెలుతురు దూరడం లేదు. అక్కడ చెరిచింది వేడి.

ఈ దశలో ఫారం సూపర్‌వైజర్ ఒక మంచి ప్రశ్న అడిగాడు. అగ్రికల్చర్ డిగ్రీ చదివిన కుర్రాడు. “సార్, వేడికి పీఎఫ్‌ఆర్ తొందరగా పీఆర్‌గా మారిపోతుందని చదివాం. అలాగైతే వేడి రాత్రి మనకు మంచిదే కావాలి కదా? చీకటి తొందరగా మొదలైనట్టేగా?”

చదివింది నిజమే. 2016లో రెండు పరిశోధన బృందాలు ఆవాల కుటుంబపు చిన్న కలుపు మొక్క అరబిడాప్సిస్ మీద దీన్ని నిరూపించాయి. ఫైటోక్రోమ్ బి వెలుతురునే కాదు, ఉష్ణోగ్రతను కూడా పసిగడుతుంది. వెచ్చదనం పెరిగేకొద్దీ పీఎఫ్‌ఆర్ వెలుతురుతో పనిలేకుండా తనంతట తానే వెనక్కి తిరుగుతుంది. అరబిడాప్సిస్ వెచ్చటి వాతావరణంలో తొందరగా పూస్తుంది కూడా. కానీ ఆ లెక్కను తెచ్చి చామంతికి అతికించకూడదు. చామంతిలో ఎక్కువ ఉష్ణోగ్రత ఎఫ్‌టీఎల్3నే అణిచేస్తుందని 2013లోనే మరో పరిశోధన చూపింది. అంటే చీకటి బాగా ఉండి, ఆపే ప్రొటీన్ లేకపోయినా, తెచ్చే ప్రొటీన్ చాలినంత తయారుకాదు. బ్రేకు మీద కాలు తీశారు గానీ ఇంజిన్ పట్టుకోవడం లేదు.

కాబట్టి నల్లషీటు కింద ఆకు రెండు పద్దులు రాస్తుంది, ఒకటి చీకటిది, ఒకటి వేడిది. ఒక పద్దు సరిచేయబోయి షీటును గంట ముందు లాగితే రెండో పద్దులో అప్పు పెరుగుతుంది.

నిర్ధారణ ఎలా జరిగింది

జూలై 3న మొదట చేసిన పని పటం గీయడం. 24 బెడ్లు, ఒక్కో బెడ్‌కు ఉత్తర కొస, నడుమ, దక్షిణ కొస. మొత్తం 72 గళ్లు. ఒక్కో గడిలో పది మొక్కలు చూసి, మొగ్గ కట్టినవి ఎన్నో రాశారు. గంటన్నర పని. రోడ్డు దీపం మీది అనుమానం ఈ కాగితంతోనే తీరిపోయింది. దీపం కారణమైతే ఉత్తర కొసలు చెడి దక్షిణ కొసలు బాగుండాలి. అలా లేదు. రెండు కొసలూ ఒకేలా ఉన్నాయి. తేడా తూర్పు నుంచి పడమరకు ఉంది, అంటే అడ్డుతెర నుంచి దూరం పెరిగేకొద్దీ. దాని మీద ఇంకో పొర: 14 తర్వాతి బెడ్లలో గాలి తగిలే కొసలు మెరుగు, నడుమ అధ్వానం. రెండు పొరలు, రెండు కారణాలు.

ఆ రాత్రి 10:30కి, తల్లి మొక్కల బల్బులు వెలిగాక, వెలుతురును కొలిచే లక్స్ మీటరుతో చూశారు. మొదటిసారి మీటరు కన్నును ఆకాశం వైపు పెట్టి చూస్తే 1వ బెడ్‌లో 2 లక్స్ వచ్చింది. ‘రెండే కదా’ అనిపిస్తుంది. అదే చోట మీటరును నిలువుగా తిప్పి అడ్డుతెర వైపు పెడితే 11 లక్స్. వెలుతురు పక్క నుంచి వస్తున్నప్పుడు పైకి చూసే మీటరుకు అది అందదు. ఆకులు మాత్రం అన్ని వైపులకూ తిరిగి ఉంటాయి. పైనుంచి మూడు నాలుగో ఆకు ఎత్తులో, వెలుతురు వచ్చే వైపు తిప్పి కొలవాలి. చీకటిని కొలిచేది ఆకే, కొస కాదు. అలా కొలిస్తే 4వ బెడ్‌లో 5, 8వ బెడ్‌లో ఒకటిన్నర, 14 నుంచి అర లక్స్ లోపు. రోడ్డు వైపు అడ్డుషీటు పక్కకు లాగి కొలిచినా, నల్లషీటు లోపల 0.3 దాటలేదు. ఫోన్ యాప్‌తో ఈ పని జరగదు. ఇంత తక్కువ వెలుతురులో అది చెప్పే అంకెను నమ్మలేం. 0.1 వరకు చూపే మామూలు మీటరు చాలు.

ఏం మారిందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికింది. కిందటేడు దాకా తల్లి మొక్కల మీద రేకు టోపీలున్న సీఎఫ్‌ఎల్ బల్బులు ఉండేవి. ఈ ఏడు కరెంటు ఆదా కోసం ఎల్‌ఈడీ పెట్టారు. టోపీలు ఆ హోల్డర్లకు పట్టలేదని తీసేశారు. వెలుతురు సమంగా పరుచుకోవాలని బల్బులను ఇంకాస్త పైకి కట్టారు. అడ్డుతెరకున్న నల్లషీటు గట్టర్ (పైకప్పు వాన నీటి కాలువ) దాకా చేరక పైన 40 సెంటీమీటర్ల సందు ఉంది. బల్బులు ఆ సందుకు ఎదురుగా వచ్చాయి. పాలిథిన్ పైకప్పు లోపలి ముఖం ఆ వెలుతురును పడమటి భాగం మీదకు చల్లుతోంది. కింద గాలి కోసం వదిలిన జానెడు సందు కూడా ఒక దారి.

వేడి కోసం, ఉష్ణోగ్రతను వాటంతట అవే నమోదు చేసుకునే మూడు చిన్న డేటా లాగర్లు నడిమి బెడ్లలో మొక్కల తలల ఎత్తున, ఎండ సోకకుండా తెల్ల కప్పుల చాటున కట్టారు. షీటు 4:30కి లాగిన రోజున లోపల 38 డిగ్రీలు. రాత్రి 9కి 31.5, అర్ధరాత్రికి 29. అదే అర్ధరాత్రి బయట 25. ఈ రకానికి చీకటి మొదలైన తొలి మూడు వారాల్లో రాత్రి వేడి 26, 27 డిగ్రీలు దాటితే వెనకబాటు మొదలవుతుంది. ఎంత అన్నది రకాన్ని బట్టి మారుతుంది.

చీకటి గది పరీక్ష

వెలుతురు సంగతి మీటరే తేల్చింది. వేడి సంగతి ఇంకా ఊహే. రాత్రి షీటు ఎత్తాలంటే రోజూ రెండుసార్లు మనుషులు కావాలి, అది ఖర్చు. అందుకని మొక్కనే అడిగారు. 3వ బెడ్ నుంచి ఒకే ఈడు మొక్కలు 36 వేళ్లతో తీసి కుండీల్లో పెట్టారు. 12 కుండీలు 3వ బెడ్ పక్కనే. 12 కుండీలు 20వ బెడ్ నడుమ. 12 కుండీలు సాయంత్రం 6కి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్న స్టోర్ రూములోకి, పొద్దున 7కి మళ్లీ బెడ్ల మధ్యకు. గది కిటికీలకు నల్లషీటు వేశారు. రాత్రి లోపల 25, 26 డిగ్రీలు. ఇక్కడ ఒక ఒప్పుకోలు: 3వ బెడ్ కుండీలను పరీక్ష కోసం బల్బుల పాత వెలుతురులోనే ఉంచాలి కాబట్టి, ఆ మూల మాత్రం అడ్డుతెర సందు పది రోజులు అలాగే వదిలారు.

జూలై 13న ఒక్కో గుంపు నుంచి ఆరు కొసలు కోసి చూశారు. ఆకులను బయటి నుంచి ఒక్కొక్కటిగా ఒలుస్తూ పోవాలి. చివరి నాలుగైదు ఆకులు గోరుకు దొరకవు, సూది మొనతో కిందికి వంచి తెంపాలి. తడి ఆరకముందే, వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుని 20 రెట్లు చూపే భూతద్దంలో చూడాలి. ఆకు పెరుగుదలలో ఉన్న కొస దాదాపు చదునుగా, చుట్టూ పుడుతున్న ఆకుల మధ్య దాక్కుని, వెతికితే గానీ కనిపించదు. పూతకు తిరిగిన కొస ఉబ్బి, చొక్కా గుండీలా గుండ్రంగా లేచి, చుట్టూ పొలుసుల వరస కడుతుంది. ఒకసారి రెండూ పక్కపక్కన పెట్టి చూసినవారికి మళ్లీ సందేహం రాదు.

3వ బెడ్ కుండీల్లో ఆరుకు ఆరూ చదునే. స్టోర్ రూము కుండీల్లో ఆరుకు ఆరూ ఉబ్బాయి, వాటిలో నాలుగింటికి పూరేకల మొలకలు కూడా మొదలయ్యాయి. 20వ బెడ్ కుండీల్లో ఆరూ ఉబ్బాయి గానీ చిన్నవి, పూరేకల జాడ ఒక్కదానికీ లేదు. అంటే 20వ బెడ్‌లో చీకటి సరిపోయింది, కొస తిరిగింది, తర్వాత నడక మందగించింది. తేడా వేడిదే.

పనిచేసినవి

వెలుతురు పని జూలై 5నే మొదలైంది. తల్లి మొక్కల బల్బులు ఆపేస్తే పోయేది కదా అని రైతు అడిగారు. ఆ భాగంలో రాత్రి పది గంటల సహజ చీకటి. ఈ రకం తల్లి మొక్కలు ఆ చీకటిలో మొగ్గ వేయకుండా ఉంటాయన్న భరోసా లేదు. తల్లి మొక్కలు మొగ్గ వేస్తే రాబోయే పంట నారే పోతుంది. కాబట్టి బల్బులు ఉంచి, వెలుతురు వాటి కిందే ఉండేలా చేశారు. రేకు కోసి శంకు టోపీలు చేయించి తొడిగారు. బల్బులను కిందికి దించి, మొక్కల తలల మీద దాదాపు 100 లక్స్ ఉండేలా చూసుకున్నారు. అడ్డుతెర నల్లషీటును గట్టర్‌కు క్లిప్పులతో బిగించి, కింద అడుగు మేర మట్టిలో పూడ్చారు. ఆ రాత్రి 1వ బెడ్‌లో, పరీక్ష మూల వదిలేసి, 0.4 లక్స్.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొందరు ఈ పనికి ఎర్ర ఎల్‌ఈడీలు వాడుతున్నారు. ఫైటోక్రోమ్‌కు కావాల్సింది ఎరుపే కాబట్టి అవి బాగా పనిచేస్తాయి. కానీ లక్స్ మీటరు మనిషి కంటి లెక్కన కొలుస్తుంది, మన కంటికి 660 నానోమీటర్ల ఎరుపు మసకగా కనిపిస్తుంది. ఫోటాన్ల లెక్కన చూస్తే 1 లక్స్ అలాంటి ఎరుపు, 8, 9 లక్స్ తెల్ల ఎల్‌ఈడీకి సమానం. ఎర్ర బల్బులున్న చోట మీటరు అర లక్స్ చూపిందని ఊరట చెందకూడదు.

వేడి పని జూలై 14న. షీటు సమయం మార్చారు: రాత్రి 7కి లాగి, పొద్దున 8కి తీయడం. అంటే వాడుకలో ఉన్న 13 గంటలు. సాయంత్రపు ఎండ షీటు మీద పడదు. పొద్దున వేళ రాత్రి చల్లదనం ఇంకా మిగిలి ఉంటుంది కాబట్టి ఆ గంట అంత బరువు కాదు. కానీ దీనికో ఖరీదు ఉంది. ఎనిమిదింటికి బయట ఎండ బాగా వచ్చేసి ఉంటుంది. 99.9 శాతం వెలుతురు ఆపే షీటు కూడా పైన 30 వేల లక్స్ ఉంటే 30 లక్స్ వదులుతుంది. పొద్దున 7:45కి షీటు కింద నిలబడి కొలిస్తే పాత ముక్కల కింద అంతకంటే ఎక్కువే వచ్చింది. తూర్పు సగానికి రెండో పొర వేశారు.

రెండో మార్పు రాత్రి షీటు ఎత్తడం. బయట పూర్తి చీకటి పడ్డాక లోపల షీటుతో పనిలేదు. రాత్రి 8కి పై షీటును ఒక వైపుకు నెట్టి, రెండు పక్కల తెరలు లేపి, తెల్లవారుజామున 4:45కి మళ్లీ మూశారు. తొలి మూడు రోజులు ఇద్దరు కూలీలకు అరగంట పట్టింది. తర్వాత కప్పీలు, తాళ్లు బిగిస్తే ఒక మనిషి పన్నెండు నిమిషాల్లో చేశాడు. రాత్రి 9కి ఉష్ణోగ్రత 31.5 నుంచి 27కి, అర్ధరాత్రికి 25కి దిగింది. వెన్నెల సంగతి రైతులు తప్పకుండా అడుగుతారు. నిండు పున్నమి వెన్నెల 0.3 లక్స్ దాటదు, దానితో భయం లేదు.

ఈ రెండు పనుల వరస మారకూడదు. అడ్డుతెర బిగించకముందే షీటు ఎత్తి ఉంటే బల్బుల వెలుతురు 24వ బెడ్ దాకా పాకేది. రోడ్డు దీపానికి కట్టిన అడ్డు కూడా ఇప్పుడు పనికొచ్చింది. షీటు ఎత్తాక ఉత్తర కొసల్లో ఆ అడ్డు లేకపోతే 2 లక్స్ పడుతోంది. గోడకు మీటరు దూరంలో కట్టడం వల్ల గాలి కూడా ఆగలేదు.

ఫలితం

14 నుంచి 24 బెడ్లు ఆగస్టు 18 నుంచి 22 మధ్య కోతకొచ్చాయి. వ్రతం పోయింది గానీ 27న వినాయక చవితికి అందాయి. 7 నుంచి 13 బెడ్లలో బిగుసుకుపోయిన కొస మొగ్గలను గిల్లేశారు. ఉంచితే అవి ముందు విచ్చుకుని వాడిపోయేలోపు పక్క కొమ్మల పూలు అందవు, కట్ట అందం చెడుతుంది. ఆ బెడ్లు నెలాఖరుకు, చవితి దాటాక వచ్చాయి. 1 నుంచి 6 బెడ్లకు జూలై 5ను మొదటి రోజుగా లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. అవి సెప్టెంబరు రెండో వారంలో, మహాలయ పక్షంలో, పూలు అడిగేవాళ్లు లేని రోజుల్లో కోతకొచ్చాయి. పైగా జిబ్బరెల్లిన్ తెచ్చిన వంకర కాడలు. ఆ ఆరు బెడ్ల పెట్టుబడి తిరిగి రాలేదు.

ఈ కేసు నుంచి

చామంతి పూతకు రాకపోతే ఎరువుల షాపు దగ్గరకు వెళ్లే ముందు పటం గీయాలి. చీడ, పోషకం, నీరు, వెలుతురు, వేడి ఒక్కొక్కటీ పాలీహౌస్‌లో ఒక్కో ఆకారంలో కనిపిస్తాయి. వెలుతురు దూరితే అది వచ్చే వైపు నుంచి మెట్లు మెట్లుగా తగ్గుతుంది. వేడి అయితే గాలి ఆడని నడుమ పేరుకుంటుంది. డ్రిప్ లోపమైతే లైను వెంట పోతుంది. 72 గళ్ల కాగితం ఇక్కడ తొమ్మిది రోజుల తప్పుడు అనుమానాన్ని గంటన్నరలో తీర్చింది.

చికిత్సలో, సలహా ఇచ్చిన మా వైపు తప్పు ఒకటి ఉంది. షీటును 4:30 నుంచి 7కి మార్చడానికి పైసా ఖర్చు లేదు. లాగర్ మొదటి రాత్రే 31.5 చూపింది. ఆ మార్పు అదే మర్నాడు చేయాల్సింది. కుండీల పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగనవసరం లేదు. పరీక్ష కావాల్సింది కూలీ ఖర్చున్న రాత్రి షీటు ఎత్తే పనికే. రెంటినీ ఒకే మూటలో కట్టడం వల్ల మంచి బెడ్లు పది రాత్రులు వేడిలో ఉన్నాయి. చవితికి అందడం అదృష్టం.

బల్బులు మార్చడాన్ని చిన్న పనిగా చూడకూడదు. వాట్లు తగ్గాయా, కరెంటు మిగిలిందా అని చూసుకుంటాం. బల్బు మార్చిన రాత్రే పక్క భాగంలోకి వెళ్లి, కళ్లు చీకటికి అలవాటుపడేలా పది నిమిషాలు నిలబడి, మీటరును నాలుగు దిక్కులకూ తిప్పి కొలవాలి. రాత్రి తిరిగే కాపలా మనిషి టార్చి కూడా రోజూ అదే వేళకు అదే బెడ్ మీద పడుతుంటే లెక్కలోకి వస్తుంది.

తర్వాతి శ్రావణ పంటకు ఆ రైతు రెండు మార్పులు చేశారు. తల్లి మొక్కలను పాలీహౌస్ నుంచి తీసి 60 మీటర్ల అవతల వేరే షెడ్‌లో పెట్టారు. వ్రతం నుంచి వెనక్కి లెక్కవేస్తే వచ్చే తేదీకన్నా ఐదు రోజులు ముందే చీకటి మొదలుపెట్టారు. షీటు ఎంత చక్కగా ఎత్తినా జూన్ మొదటి పక్షంలో, వానలు పట్టకముందు, రాత్రి వేడి కొంత మిగిలే ఉంటుంది. ఆ వెనకబాటుకు ఆ ఐదు రోజులు. గోడ మీద వేలాడే పుస్తకంలో ఇప్పుడు రోజుకు నాలుగు అంకెలు రాస్తున్నారు: షీటు మూసిన వేళ, తీసిన వేళ, రాత్రి 9 గంటల ఉష్ణోగ్రత, 1వ బెడ్ లక్స్. చీకటి పెట్టిన పన్నెండో రోజున ఆరు కొసలు కోసి చూసి, ఎన్ని ఉబ్బాయో అదే పేజీలో ఎర్ర ఇంకుతో రాస్తారు.